భోగ్యానికి ఇల్లు

ముంబయిలో రిజర్వ్ బ్యాంకువాళ్ళు రెండు నెలలకోసారి కూర్చుని వడ్డీ సంగతి తేలుస్తారు. ఆరుగురు మనుషులు, ఒక పొడుగాటి బల్ల, మంచినీళ్ళ సీసాలు. పావు శాతం పెంచుదామా, అర శాతం పెంచుదామా అని మాట్లాడుకుని లేచి భోజనానికి వెళ్తారు. బెంగళూరులో రామమూర్తినగర్ ఎక్కడుందో వాళ్ళకు తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. ప్రేమకుమారికీ వాళ్ళ గొడవ పట్టేది కాదు. టీవీలో ఆ వార్త మొదలైతే ఆవిడ లేచి వంటింట్లోకి వెళ్ళి పోపు వేసుకునేది. వాళ్ళు అక్కడ చేసిన పని ఒకరోజు తన గడప దాకా వస్తుందని ఆవిడకు ఎవరూ చెప్పలేదు.

ప్రేమకుమారికీ ఆమె భర్త రాజగోపాల్‌కూ పిల్లలు లేరు. తాతల కాలంలోనే బెంగళూరు చేరి పాతుకుపోయిన తెలుగు కుటుంబాలు ఇద్దరివీ. ఇంట్లో తెలుగు, గడప దాటితే కన్నడం. రాజగోపాల్ హొసకోటె దారిలో ఒక దారం మిల్లులో ముప్పయ్యేళ్ళు చాకిరీ చేశాడు. కరోనా వచ్చిన ఏడు ఆ మిల్లు మూతపడింది. లెక్క తేల్చి యజమానులు చేతిలో పెట్టింది పదిహేను లక్షలు. అంతే ఉన్నది. మంచాన పడితే మందుకైనా, కన్ను మూస్తే కట్టెకైనా అదే ఆధారం. తర్వాత రాజగోపాల్ చిక్కపేటలో ఒక చీరల అంగడిలో గుమాస్తాగా కుదిరాడు కానీ, ఆ జీతం తిండికీ బస్సుకీ సరిపోయేది.

ఆ పదిహేను లక్షలు బ్యాంకులో వేద్దామని వెళ్తే కౌంటర్ దగ్గరి అమ్మాయి ఐదు శాతం అంది. అప్పట్లో దేశమంతా కుదేలై ఉంది కదా, జనం అప్పులు తీసుకుని ఖర్చు పెడితే తప్ప బండి కదలదని రిజర్వ్ బ్యాంకు వడ్డీని అడుగుకి దించేసింది. అప్పు తీసుకునేవాడికి పండగ. దాచుకునేవాడి సంగతి ఎవరికి కావాలి? ఐదు శాతమంటే నెలకు ఆరువేల చిల్లర. వీళ్ళు ఉన్న ఇంటి అద్దె పదిహేను వేలు. రాజగోపాల్ రాత్రంతా లెక్కలు వేసి, పొద్దున్నే కాఫీ గ్లాసు చేత్తో పట్టుకుని తీర్పు చెప్పాడు.

"బ్యాంకులో ఏమిటికి వేసేది? భోగ్యానికి ఇల్లు పట్టుకుంటే సరిపోతుంది. అద్దె మిగులుతుంది, అసలు అట్లే ఉంటుంది."

బెంగళూరులో భోగ్యమంటే తెలియనివాళ్ళు లేరు. కొందరు లీజు అంటారు, రెండూ ఒకటే. ఇంటి యజమానికి ఒక పెద్ద మొత్తం ఒకేసారి ఇచ్చేస్తాం. మూడేళ్ళు ఒక్క పైసా అద్దె లేకుండా ఆ ఇంట్లో ఉంటాం. గడువు తీరాక ఇల్లు ఖాళీ చేస్తాం, ఆయన మన మొత్తం మనకు తిరిగిస్తాడు. ఎక్కడి నుంచి తెచ్చిస్తాడు? తర్వాత వచ్చేవాళ్ళ దగ్గర తీసుకుని ఇస్తాడు. అందరూ అట్లాగే చేస్తారు. రిజిస్టరు చేయిస్తే ఖర్చని, స్టాంపు పేపరు మీద నాలుగు ముక్కలు రాసుకుని సంతకాలు పెడతారు. అదీ అందరూ చేసేదే. తెలివైనవాళ్ళూ అంతే, తెలివితక్కువవాళ్ళూ అంతే.

ఇంటి యజమాని ఓబులేష్ వీళ్ళకు దూరపు బంధువుల వైపు తెలిసిన మనిషి. నలభై ఏడు, నలభై ఎనిమిదేళ్ళు ఉంటాయి. టైల్సు అంగడి నడిపేవాడు. లోను ఇంత చవగ్గా మళ్ళీ దొరకదని బ్యాంకువాళ్ళే ఇంటికొచ్చి చెబితే, ఉన్న సైటులో మూడంతస్తులు లేపాడు. కొంత బ్యాంకు లోను, కొంత భోగ్యం డబ్బు. రెండో అంతస్తు ప్రేమకుమారి వాళ్ళది. తూర్పున బాల్కనీ, వంటింట్లోకి ఎండ. గచ్చు మీద ఓబులేష్ తన అంగడిలోని మంచి టైల్సే వేయించాడు. పాలు పొంగించిన రోజున ప్రేమకుమారికి నిజంగా సంతోషం వేసింది. యాభై రెండేళ్ళకు మొదటిసారి నెల మొదటి తేదీ వస్తుందంటే గుండె దడదడలాడలేదు.

ఏడాది తిరగకముందే ముంబయిలో ఆ ఆరుగురికి ధరలు మండిపోతున్నాయని తెలిసొచ్చింది. టమాటా కొనే ఏ ఆడమనిషిని అడిగినా ఆరునెలల ముందే చెప్పేది. సరే, ధరలు దిగాలంటే జనం చేతిలో డబ్బు ఆడకూడదు, అందుకని వడ్డీ పెంచారు. మళ్ళీ పెంచారు. ఆగకుండా పెంచుకుంటూ పోయారు. ఓబులేష్ బ్యాంకు మొదట్లో అతను నెలనెలా కట్టే కంతు పెంచలేదు, గడువు పొడిగించింది. కట్టేది అంతే కదా అని అతను పట్టించుకోలేదు. ఇరవై ఏళ్ళ అప్పు ఎప్పుడు ముప్పయ్యేళ్ళు అయిందో కూడా చూసుకోలేదు. ఇంక పొడిగించడానికి అతని వయసు చాలదని తేలాక అప్పుడు కంతు పెంచడం మొదలుపెట్టారు.

మూడేళ్ళ గడువు దగ్గర పడింది. రాజగోపాల్ ఫోను చేసి మా డబ్బు సర్దుబాటు చేసుకో అప్పా అని చెప్పిన రెండు రోజులకు ఓబులేష్ వచ్చాడు. కుర్చీ వేస్తే కూర్చోలేదు. గడప పక్కన కిందనే కూర్చున్నాడు.

"అన్నా, మీ దగ్గర దాచిపెట్టేదేం లేదు. నాలుగు నెలలాయె నేను బ్యాంకుకి కట్టి. నోటీసు వచ్చి ఉండాది."

రాజగోపాల్ ముందుకు వంగాడు. "నోటీసంటే?"

"కట్టకుంటే ఇల్లు స్వాధీనం చేసుకుంటామని రాసి ఉండారు. కంతు పదివేల పైన పెరిగిందన్నా. పోనీ అంగడిలో వ్యాపారమైనా ఉండాదా అంటే, ఇల్లు కట్టేవాడికి లోను అగ్గువకు దొరికితే కదా వాడొచ్చి టైల్సు కొనేది? ఇద్దరు కూలోళ్ళను పంపించేసినా. ఆ పక్కా దెబ్బే, ఈ పక్కా దెబ్బే."

"మరి మా డబ్బు?" అంది ప్రేమకుమారి. గొంతు పైకి లేచింది. "మా డబ్బు ఏం చేసినావప్పా?"

"ఈ గోడల్లోనే ఉండాదక్కా. ఎత్తుకుపోయిందేం లేదు." ఓబులేష్ తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. "ఒక దారి ఉండాది. కొత్తోళ్ళను తెస్తా. వాళ్ళు భోగ్యం డబ్బు ఇస్తానే మీ పదిహేను మీకు వేసేస్తా. దేవుడి మీద ఒట్టు. వాళ్ళ ముందర మీరు బ్యాంకు మాట ఎత్తకుంటే చాలు."

రాజగోపాల్ మర్నాడు మిల్లులో తనతో పనిచేసిన ఒకాయన కొడుకు లాయరైతే, వెళ్ళి అడిగొచ్చాడు. రిజిస్టరు కాని కాగితం, పైగా బ్యాంకు తనఖా ముందుంది. ఇల్లు బ్యాంకు చేతికి పోతే మీరు సామాను తీసుకుని బయటికి రావడమే, తర్వాత ఓబులేష్ మీద కేసు వేసుకోవచ్చు, పదేళ్ళు తిరగొచ్చు అన్నాడట ఆ లాయరు.

"వచ్చేవాళ్ళు ఏమైపోతారండీ?" అని అడిగింది ప్రేమకుమారి ఆ సాయంత్రం.

"మనం ఏమైపోతామో అది చెప్పు ముందు," అన్నాడు రాజగోపాల్. ఎప్పుడూ కసురుకోని మనిషి కసిరాడు. "ముప్పయ్యేళ్ళు దూది పీల్చినా నేను. రాత్రిళ్ళు దగ్గు వస్తే నువ్వే కదా లేచేది. ఆ డబ్బు పోతే నన్ను ఎవడు చూస్తాడు, నిన్ను ఎవడు చూస్తాడు?"

ఆవిడ లేచి దగ్గు మందు సీసా తెచ్చి అతని పక్కన పెట్టింది. ఏదో ఒకటి చెప్పి ఉంటే బాగుండేదని తర్వాత చాలాసార్లు అనుకుంది.

ఆదివారం నాడు ఓబులేష్ ఒక జంటను తీసుకొచ్చాడు. వినయ్, శ్వేత. కదిరి వైపు నుంచి వచ్చినవాళ్ళు, పెళ్ళై ఐదేళ్ళు దాటింది. అతను హొసకోటెలో ఒక గోడౌనులో సూపర్‌వైజరు, ఆమె ఒక కాల్ సెంటర్‌లో పని. మొగుడు గోడలు తడుముతూ స్విచ్చులు వేసి చూస్తుంటే, పెళ్ళాం తిన్నగా వంటింట్లోకి వచ్చింది. ఎండ పడుతున్న గట్టు మీద చెయ్యి పెట్టి నవ్వింది.

"సూపర్‌గా ఉంది ఆంటీ కిచెన్. మేమిప్పుడున్న రూమ్‌లో పగలే లైట్ వేసుకోవాలి. మీరు ఎందుకు ఖాళీ చేస్తున్నారు?"

"గడువు అయిపోయిందమ్మా."

"అంతేనా? వాటర్ ప్రాబ్లమ్ ఏమైనా ఉందా? మాకు చెప్పండి ఆంటీ, మీరు మా అమ్మలాంటివాళ్ళు. ఫైవ్ ఇయర్స్ ఇద్దరం కడుపు కట్టుకుని దాచిన మనీ. నా గోల్డ్ కూడా అమ్మేశాం."

ప్రేమకుమారి స్టవ్ మీద కాఫీ కలుపుతోంది. హాల్లోంచి రాజగోపాల్ దగ్గు వినిపించింది. అది దగ్గో, తనకు చెప్పిన మాటో ఆవిడకు తెలియలేదు. గరిటె తిప్పడం ఆపకుండానే అంది.

"నీళ్ళకేం కొరత లేదమ్మా. కావేరి నీళ్ళు వస్తాయి, బోరు కూడా ఉండాది."

అది నిజమే. అడిగింది నీళ్ళ గురించి, చెప్పింది నీళ్ళ గురించి. శ్వేత కాఫీ తాగి, చాలా బాగుంది ఆంటీ అని గ్లాసు తనే కడిగి బోర్లించి వెళ్ళింది. ఆ పిల్ల కొంచెం పొగరుగా ఉన్నా బాగుండు, కొంచెం గదమాయించి మాట్లాడినా బాగుండు అనిపించింది ప్రేమకుమారికి.

పదిహేడు లక్షలకు మాట కుదిరింది. డబ్బు చేతులు మారేది, తాళం చేతులు మారేది ఒకేరోజు, ఒకే గదిలో. అదీ ఇక్కడి పద్ధతే. మంచి రోజు చూసుకుని అందరూ హాల్లో చాప మీద కూర్చున్నారు. వినయ్ ఫోనులోంచి డబ్బు ఓబులేష్ ఖాతాకు పోయింది. ఓబులేష్ ఫోనులోంచి పదిహేను రాజగోపాల్ ఖాతాకు వచ్చింది. మిగిలిన రెండు బ్యాంకుకి కట్టి కొన్నాళ్ళు ఊపిరి పీల్చుకుంటానని ఓబులేష్ రాజగోపాల్‌కు ముందే చెప్పి ఉన్నాడు. మోగిన ఫోను చూసుకుని రాజగోపాల్ అద్దాలు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకుని, ఇంకోసారి చూసుకున్నాడు.

లేవబోతుంటే శ్వేత చెయ్యి పట్టుకుంది.

"ఆంటీ, మావాళ్ళెవరూ రాలేదు. అత్తమ్మకు బాగాలేదు. పెద్ద ముత్తయిదువ చేత్తో పాలు పొంగిస్తే మంచిదని అమ్మ ఫోన్‌లో చెప్పింది. మీరే పొంగించి వెళ్ళండి ప్లీజ్."

పొంగించింది. ఏం చేస్తుంది? గిన్నెకు పసుపు రాసి, కుంకుమ పెట్టి, ఆ పిల్ల తెచ్చిన పాలు పోసి స్టవ్ వెలిగించింది. పాలు పొంగి తూర్పు వైపు కారితే శ్వేత చప్పట్లు కొట్టింది. మంచిదేనా ఆంటీ అని అడిగింది. మంచిదే తల్లీ అంది ప్రేమకుమారి. ఆ పిల్ల వంగి కాళ్ళకు దండం పెడితే తల మీద చెయ్యి వేసి దీవించింది కూడా. మెట్లు దిగుతుంటే తన మీద తనకే అసహ్యం వేసింది. ఆటోలో కూర్చున్నాక ఏడ్చింది. రాజగోపాల్ డ్రైవరు వింటాడని గొంతు తగ్గించి ఊరుకోమన్నాడు.

వాళ్ళు దూరవాణినగర్‌లో ఒక చిన్న ఇంటికి మారారు. డబ్బు బ్యాంకులో వేశారు. ఈసారి అదే కౌంటర్‌లో సీనియర్ సిటిజన్లకు ఏడున్నర పైన ఇస్తున్నామని నవ్వుతూ చెప్పారు. నెలకు తొమ్మిదివేల చిల్లర వచ్చి పడుతుంటే రాజగోపాల్ పదేళ్ళు చిన్నవాడైనట్టు తిరిగాడు. వడ్డీ పెంచి రిజర్వ్ బ్యాంకు మంచి పని చేసిందని చీరల అంగడిలో అందరికీ చెప్పేవాడు. ఓబులేష్‌ను ముంచిన వడ్డీ, వీళ్ళ అద్దె సగం కట్టిన వడ్డీ ఒకటేనని ప్రేమకుమారికి అర్థమైంది. మొగుడికి మాత్రం చెప్పలేదు. చెప్పినా ఒరిగేదేముంది?

మరుసటి ఏడు ఫిబ్రవరిలో ముంబయిలో ఆ ఆరుగురు పావు శాతం తగ్గించారు. ఇంటి లోన్లు తీసుకున్నవాళ్ళకు తీపి కబురని టీవీలో అమ్మాయి చేతులు ఊపుతూ చెప్పింది. ఈసారి ప్రేమకుమారి వంటింట్లోకి వెళ్ళలేదు. ఓబులేష్‌కు ఏమైనా కలిసొస్తుందేమో, ఆ పిల్లలు గట్టెక్కుతారేమో అని నోరు తెరుచుకుని చూసింది. కానీ పెరిగింది రెండున్నర, తగ్గింది పావు. ఆ పావు కూడా ఓబులేష్ పాత బాకీల దాకా రాదు.

ఉగాది దాటిన తర్వాత ఒక మధ్యాహ్నం శ్వేత ఫోను చేసింది. ఆ పేరు చూడగానే ప్రేమకుమారికి సంగతి తెలిసిపోయింది. ఎత్తకుండా ఉండవచ్చు. ఎత్తింది.

"ఆంటీ, బ్యాంకువాళ్ళు వచ్చి గేటుకి నోటీస్ అంటించి వెళ్ళారు. సిక్స్టీ డేస్‌లో ఓనర్ కట్టకపోతే ఇల్లు వాళ్ళదే అంట." గొంతులో ఏడుపు లేదు. ఏడ్చి ఏడ్చి ఆరిపోయిన గొంతు. "ఓబులేష్ అంకుల్‌ని అడిగితే అన్నీ చెప్పేశారు. మీరున్నప్పుడే ఒకసారి వచ్చిందంట కదా."

ప్రేమకుమారి ఫోను చెవికి ఇంకా దగ్గరగా నొక్కుకుంది. తిట్టు తల్లీ, తిట్టు అనుకుంది. నా జుట్టు పట్టుకుని అడుగు, పాలు పొంగించిన చెయ్యి ఇదేనా అని అడుగు.

"ఇప్పుడు దాని గురించి వద్దులెండి ఆంటీ," అంది శ్వేత. "మీ ప్లేస్‌లో ఉంటే నేనైనా అదే చేస్తానేమో. తెలీదు. నోటీస్ అంకుల్ తీసేశారు. కొత్తవాళ్ళు దొరికారు. రమేశ్ అని, చందాపురలో ఫ్యాక్టరీ నుంచి రిటైర్ అయ్యారంట, ఆయనా వైఫ్ ఇద్దరే. ఇల్లు నచ్చింది. కానీ ముందు ఉన్నవాళ్ళతో ఒకసారి మాట్లాడాలి అంటున్నారు. మేమంటే ఇంకా ఇల్లు వదలని వాళ్ళం కదా, నమ్మరు. మీ నంబర్ ఇచ్చాను."

"నా నంబరా?"

"వాళ్ళు అడిగితే కొంచెం బాగా చెప్పండి ఆంటీ. మాకు ఇంకో దారి లేదు. మీకు తెలుసు కదా."

ఫోను పెట్టేశాక ప్రేమకుమారి మంచం అంచున కూర్చుండిపోయింది. నిజం చెప్పేయాలి. ఇప్పుడు చెప్పడానికి అడ్డేముంది? తన డబ్బు బ్యాంకులో భద్రంగా ఉంది. నిజం చెబితే పోయేది తనది కాదు. ఆ పిల్ల అమ్ముకున్న బంగారం పోతుంది, ఇద్దరూ కడుపు కట్టుకున్న ఐదేళ్ళు పోతాయి. తన వంతు తాను దాటేసి, ఆ పిల్ల దాటబోయే వేళకు తలుపు వేసి, నేను నిజాయితీపరురాలినని చెప్పుకోవాలా? పోనీ అబద్ధం చెప్పాలా, అచ్చం తనలాగే, పిల్లలు లేకుండా, చాకిరీ చేసి చేసి చివరికి ఒక మొత్తం చేతబట్టుకుని వస్తున్న ఇంకో ఇద్దరికి? ఛీ, ఎట్లాంటి బతుకులో పడ్డాను అనుకుంది. రాజగోపాల్ వచ్చాక అడుగుదామంటే అతను ఏం చెబుతాడో ముందే తెలుసు.

సాయంత్రం ఐదింటికి తెలియని నంబరు నుంచి ఫోను మోగింది.

"నమస్కారం అమ్మా. నా పేరు రమేశ్. రామమూర్తినగర్‌లో ఓబులేష్ గారి రెండో అంతస్తు చూసినాము. మీరు ఉండి పోయినారంట కదా."

"అవునండీ. మూడేళ్ళు ఉన్నాము."

"ఇల్లు బాగుండాది. నాకు అది కాదమ్మా కావాల్సింది. ఈ కాలంలో భోగ్యం డబ్బులు మునిగిపోయినాయని ఎన్నో వింటాండాము. నా రిటైర్‌మెంట్ డబ్బు మొత్తం ఇదే. ఒకే మాట అడుగుతా, ఉన్నది ఉన్నట్టు చెప్పండి. మీ డబ్బు మీకు తిరిగి ఇచ్చినాడా ఆ మనిషి?"

ఆవిడ కళ్ళు మూసుకుంది. ఆయన అడిగింది అదొక్కటే.

"ఇచ్చినాడండీ," అంది. "ఒక్క రూపాయి తక్కువ లేకుండా ఇచ్చినాడు. ఖాళీ చేసిన రోజే ఇచ్చినాడు."

అవతల ఆయన గట్టిగా ఊపిరి వదలడం వినిపించింది. పక్కన ఎవరితోనో, బహుశా భార్యతో, ఇచ్చినాడంట అని సంతోషంగా చెప్పాడు. మళ్ళీ ఫోనులోకి వచ్చాడు.

"చాలమ్మా, ఇంక నేను ఎవర్నీ అడగను. రేపే అడ్వాన్స్ ఇచ్చేస్తా. మా ఆవిడ మీతో మాట్లాడుతుందంట, ఇస్తా ఉండండి. పాలు పొంగించే రోజు మీరు కూడా రావల్లంటుంది."